మార్కులు ముఖ్యమా, నేర్చుకున్న పని ముఖ్యమా?

బడిలో నేర్చుకున్న నైపుణ్యాల ముందు మార్కులకి విలువ ఉందా అని అడిగారు. నన్నడిగితే నేర్చుకున్నదే ముఖ్యం. అలాగని మార్కులు వదిలేయమని చెప్పను. చాలా చోట్ల అవి గేటు దగ్గర చూపించే టికెట్ లాంటివి.

జేఈఈలో మంచి ర్యాంకు వచ్చినా ఐఐటీలో చేరాలంటే ఇంటర్‌లో 75 శాతం ఉండాలి, లేదా బోర్డులో టాప్ 20 పర్సంటైల్‌లో ఉండాలి. ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగ విద్యార్థులకు 65 శాతం చాలు. క్యాంపస్‌కి వచ్చే ఐటీ కంపెనీల్లో చాలా వాటికి టెన్త్ నుంచి బీటెక్ దాకా 60 శాతం కావాలి. ఆ గీత దాటాక మీది 65 శాతమా, 90 శాతమా అని ఇంటర్వ్యూలో పెద్దగా పట్టించుకోరు. తెలంగాణలో అయితే ఎంసెట్ ర్యాంకులో ఇంటర్ మార్కులకిచ్చే 25 శాతం వెయిటేజీని 2023లో తీసేశారు కూడా.

ఇంటర్వ్యూలో మీ ప్రాజెక్ట్ గురించి నాలుగు ముక్కలు చెప్పమన్నప్పుడు బట్టీ పట్టిన చదువు ఆదుకోదు. ఇంటర్ ఫిజిక్స్ ప్రాక్టికల్స్‌లో 30కి 30 వచ్చినవాళ్లలో ఎంతమంది వెర్నియర్ కాలిపర్స్‌తో సరిగ్గా కొలవగలరు? ఆ సంగతి లెక్చరర్లకీ తెలుసు!

కాబట్టి ముందు మీకు కావాల్సిన కోర్సుకి కటాఫ్ ఎంతో చూసుకోండి. దానికి కాస్త పైన ఉండేలా చదివి, మిగతా టైమ్‌లో పాఠాన్ని సొంత మాటల్లో రాయడం, నలుగురి ముందు మాట్లాడటం అలవాటు చేసుకోండి.