పాత పొలం పార్కుగా మారేటప్పుడు

ప్రశ్న: తరతరాలుగా సాగులో ఉన్న పొలాన్ని జీవవైవిధ్య పార్కుగా మారుస్తున్నాం. పశువుల ఎరువు తోలి, దున్ని, స్థానిక పూలమొక్కల విత్తనాలు చల్లాం. ఏడాది తిరక్కుండానే కలుపు నడుం ఎత్తు లేచింది. పొరపాటు ఎక్కడ జరిగింది?

జవాబు: ఎరువు తోలడం దగ్గరే. పంటకు బలమిచ్చే సారమే పూల పచ్చికకు చేటు. ఏళ్ల తరబడి వేసిన భాస్వరం మట్టిని అంటిపెట్టుకునే ఉంటుంది, నత్రజనిలా తేలిగ్గా కొట్టుకుపోదు. దాన్ని అందుకుని ఏపుగా పెరిగే నాలుగైదు రకాలు మిగతావాటికి ఎండ తగలనివ్వవు. ఇంగ్లండ్‌లోని రోథామ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో 1856 నుంచి సాగుతున్న పచ్చిక ప్రయోగంలో ఎక్కువ రకాల మొక్కలు కనిపించేది ఎరువు వేయని మళ్లలోనే.

కాబట్టి ముందు ప్రతి మడిలో 15–20 చోట్ల 15 సెం.మీ. లోతు వరకు మట్టి తీసి, కలిపి పరీక్ష చేయించండి. భాస్వరం ఎక్కువున్న మళ్లను చెట్లకు వదిలేయండి, అవి తట్టుకుంటాయి. పూల పచ్చికకు సారం తక్కువున్న మళ్లు చాలు. అక్కడ కూడా ఏటా కోసిన గడ్డిని బయటికి తరలించాల్సిందే. కోసి అక్కడే వదిలేస్తే సారం తిరిగి మట్టిలోకే చేరుతుంది. పైమట్టి 15–30 సెం.మీ. తీసేస్తే ఫలితం త్వరగా వస్తుంది. కానీ పాత గట్లు, బండి దారులు, బావులు పటంలో గుర్తించకుండా యంత్రాన్ని దింపకండి. ఒకసారి చదును చేసిన గట్టు మళ్లీ రాదు.

విత్తే ముందు నేలను తడిపి కలుపును మొలవనివ్వండి. రెండు మూడు ఆకులు వేయగానే 3–5 సెం.మీ. లోతు మించకుండా గీరండి. ఇలా రెండు మూడు సార్లు చేయాలి. లోతుగా దున్నితే అడుగున పడి ఉన్న గింజలు పైకొస్తాయి, మీ పొలంలో జరిగింది ఇదీను. తుంగ, గరిక మాత్రం గీరితే ముక్కముక్కకూ మొలుస్తాయి, తవ్వి ఏరేయాల్సిందే. విత్తనం చదరపు మీటరుకు 3–5 గ్రాములు చాలు. పొడి ఇసుకలో కలిపి చల్లి, రోలరుతో అదమండి, మట్టి కప్పొద్దు. మొదటి ఏడాది కలుపు పూతకు రాకముందే 8–10 సెం.మీ. ఎత్తులో కోస్తూ ఉండండి.

ప్రశ్న: చెట్ల గుంతల్లో నీళ్లు నిలిచి మొక్కలు కుళ్లుతున్నాయి. ఏం చేయాలి?

జవాబు: ఏటా ఒకే లోతున దున్నిన నేలలో 20–30 సెం.మీ. అడుగున గట్టిపొర ఏర్పడుతుంది. ఒకచోట నిలువుగా తవ్వి చూడండి. వేళ్లు కిందికి దిగకుండా అడ్డంగా తిరిగి ఉంటే అదే కారణం. నేల బాగా ఆరాక, పొర కంటే కాస్త లోతుగా సబ్‌సాయిలర్ (మట్టిని తిరగేయకుండా లోతుగా చీల్చే ట్రాక్టరు పనిముట్టు) నడపండి. తడిగా ఉన్నప్పుడు నడిపితే మట్టి పగలదు, గీత పడి మెత్తుకుంటుంది. గుంత గోడలు నున్నగా ఉంటే పారతో గీకి గరుకు చేయండి. అన్నట్టు, పొలంలో ఎక్కువైన నీటిని బయటికి పంపే పాత గొట్టాలు అడుగున ఉన్నాయేమో చూసుకోండి. పార్కులో చిత్తడి నేల ఏర్పరచడం కోసం వాటిని మూసే ముందు ఎగువ పొలాల నీరు వాటిగుండానే పోతోందేమో తేల్చుకోవాలి, లేదంటే పొరుగువారి పంట మునుగుతుంది.