ఇంగ్లండ్ రాక్ బ్యాండ్ డీప్ పర్పుల్ అంత పేరొచ్చాక ఎందుకు విడిపోయింది, మళ్ళీ ఎలా నిలబడింది?

చాలామంది దీన్ని "ఇగో గొడవలు" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. గొడవలు నిజమే, కాదనను. కానీ పదహారేళ్ళుగా పెళ్ళిళ్ళకీ చవితి పందిళ్ళకీ ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయిస్తున్నవాడిగా నాకు కనిపించే కారణం వేరు. వాళ్ళని ఎవరూ ఇంటికి పోనివ్వలేదు.

ముందు వాళ్ళ పాట నాకెలా పట్టుకుందో చెప్తాను. 'స్మోక్ ఆన్ ది వాటర్' మొదట్లో వచ్చే ఆ నాలుగు ముక్కల గిటార్ బిట్టు, గిటార్ పట్టిన ప్రతివాడూ మొదటి వారంలోనే వాయించేస్తాడు, మా గిటారిస్టూ అంతే. అదంతా గిటారే అనుకున్నాను చాలా రోజులు. ఒకసారి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వింటే గిటార్ కింద ఇంకేదో గరగరమంటోంది. అది వాళ్ళ కీబోర్డు ప్లేయర్ జాన్ లార్డ్ వాయించే హామండ్ అనే ఎలక్ట్రిక్ ఆర్గన్. ఆర్గన్‌ని గిటార్ వాళ్ళు వాడే మార్షల్ యాంప్‌కి (శబ్దం పెంచే ఆంప్లిఫయర్‌కి) కలిపి వాయించేవాడాయన. ఆ రాత్రే నా కీబోర్డు తీసుకెళ్ళి మావాడి యాంప్‌కి తగిలించి ఎడమచేత్తో రెండు నోట్లు కలిపి నొక్కాను, స్పీకర్ పెట్టె మీదున్న స్టీలు గ్లాసు గజగజలాడి కిందపడింది. అప్పటినుంచీ వాళ్ళని వదల్లేదు.

1968లో ఇంగ్లండ్‌లో మొదలయ్యారు. 1969లో గాయకుడు ఇయన్ గిల్లన్, బేస్ వాయించే రోజర్ గ్లోవర్ వచ్చి చేరాక అసలు దూకుడు మొదలైంది. 1971 డిసెంబరులో ఆల్బమ్ రికార్డు చేయడానికి స్విట్జర్లాండ్‌లోని మోంట్రోకి వెళ్తే, వాళ్ళు రికార్డు చేయాల్సిన కాసినో కళ్ళముందే కాలిపోయింది. అక్కడ అమెరికన్ సంగీతకారుడు ఫ్రాంక్ జాప్పా కచేరీలో ఎవరో ఫ్లేర్ గన్ (నిప్పు వెలుగు చిమ్మే తుపాకీ) పేల్చారు, పైకప్పు అంటుకుంది, సరస్సు మీద పొగ కమ్మింది. 'స్మోక్ ఆన్ ది వాటర్' పుట్టింది అందులోంచే. తర్వాత చలికాలానికి మూసేసిన ఓ హోటల్లో పరుపులు అడ్డుపెట్టి, కారిడార్‌లో కూర్చుని రికార్డు చేశారు. టేక్ ఎలా వచ్చిందో వినాలంటే గదులూ బాల్కనీలూ దాటుకుని బయటున్న రికార్డింగ్ వ్యాన్ దగ్గరికి వెళ్ళాలి, అంత తిరగలేక వినడమే మానేశారట! 'మెషిన్ హెడ్' అలా తయారైంది.

ఇప్పుడు 1972 చూడండి. మార్చిలో ఆ ఆల్బమ్ విడుదల. ఆగస్టులో జపాన్‌లో మూడు కచేరీలు, అవే 'మేడ్ ఇన్ జపాన్' అనే లైవ్ ఆల్బమ్. అదే ఏడాది రోమ్‌లోనూ, ఫ్రాంక్‌ఫర్ట్ దగ్గరా ఇంకో ఆల్బమ్ రికార్డింగ్. వీటన్నిటి చుట్టూ టూర్లు. గిల్లన్‌కి అంతకుముందు ఏడాది చివర్లోనే హెపటైటిస్ వచ్చింది, ఈ ఏడాది గిటారిస్టు బ్లాక్‌మోర్‌కీ వచ్చింది. కాస్త కోలుకోగానే మళ్ళీ స్టేజీ. ఆ డిసెంబరులో గిల్లన్ రాజీనామా ఉత్తరం రాసేశాడు, 1973 జూన్ 29న ఒసాకాలో చివరిసారి పాడి వెళ్ళిపోయాడు. గ్లోవరూ అప్పుడే బయటికి. సరిగ్గా ఆ వేసవిలోనే 'స్మోక్ ఆన్ ది వాటర్' అమెరికాలో 4వ స్థానానికి ఎక్కుతోంది. మేనేజర్లు మంచివాళ్ళైతే అందరినీ మూడు నెలలు సెలవు మీద పంపేవాళ్ళని గిల్లన్ తర్వాత అన్నాడు. అది చదివి నేను చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను.

ఎందుకంటే మాకూ అదే జరిగింది. ఒక మాఘమాసం సీజన్‌లో ఆర్గనైజర్ వచ్చిన ప్రతి ప్రోగ్రామూ ఒప్పేసుకున్నాడు, తెల్లారి మూడింటికి సామాను వ్యాన్‌లోకి ఎక్కించి, సాయంత్రానికి ఇంకో ఊళ్ళో సౌండ్ చెక్. గొంతు పోయిందని మా గాయని రెండురోజులు అడిగితే "ఈ ఒక్క వారం ఓర్చుకోమ్మా" అన్నారు. టీ చల్లారిందని తబలా ఆయన, నేను కొట్టుకునేదాకా వెళ్ళాం. టీ గురించి కాదది, నిద్ర లేదు మాకు. నేను పదకొండు నెలలు కీబోర్డు ముట్టుకోలేదు.

డీప్ పర్పుల్ విషయానికొస్తే, గిల్లన్ బదులు గాయకుడు డేవిడ్ కవర్‌డేల్, గ్లోవర్ బదులు బేస్ వాయించే గ్లెన్ హ్యూస్‌లతో కొన్నాళ్ళు బాగానే నడిచింది. 1975లో బ్లాక్‌మోర్ వెళ్ళిపోయాడు, 1976 మార్చిలో లివర్‌పూల్ కచేరీతో బ్యాండ్ ఆగింది. ఆయన స్థానంలో వచ్చిన టామీ బోలిన్ అదే ఏడాది డిసెంబరులో డ్రగ్స్ వల్ల పోయాడు, వయసు 25.

1984లో 'మెషిన్ హెడ్' నాటి ఐదుగురూ మళ్ళీ కలిసి 'పర్ఫెక్ట్ స్ట్రేంజర్స్' చేశారు, గొప్ప ఆల్బమ్, కానీ పాత కోపాలూ వెంటే వచ్చాయి, 1993లో బ్లాక్‌మోర్ టూర్ మధ్యలోనే వదిలేశాడు. నా లెక్కలో అసలైన రాక 1994లో గిటారిస్టు స్టీవ్ మోర్స్ చేరాకే. 1995 ఏప్రిల్‌లో బొంబాయిలో వాయించిన వీడియో ఉంది, చూడండి, ఒకళ్ళనొకళ్ళు చూసుకుని నవ్వుకుంటూ వాయిస్తారు. 2002లో జాన్ లార్డ్ ఇక తిరగలేనంటే మంచిగా సాగనంపారు. 2022లో మోర్స్ భార్యకి క్యాన్సర్ అని తెలిస్తే ముందు విరామం ఇచ్చారు, ఆయన పూర్తిగా తప్పుకున్నాకే గిటారిస్టు సైమన్ మెక్‌బ్రైడ్‌ని శాశ్వతంగా తీసుకున్నారు. 1973లో ఆ ఓపిక ఎవరికైనా ఉండుంటే అనిపిస్తుంది నాకు.

వాళ్ళది ముందు ఏది వినాలంటే, 'మేడ్ ఇన్ జపాన్'లో 'చైల్డ్ ఇన్ టైమ్' వినండి, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని. మొదట్లో ఆర్గన్ మెల్లగా మొదలవుతుంది, తొందరపడి ముందుకి జరపకండి.