పెట్టినప్పుడు కాదు, పీకేసినప్పుడు తెలుస్తుంది డ్రైవర్ సత్తా

ప్రశ్న: ఈసీఈ మూడో సంవత్సరం చదువుతున్నాను. మినీ ప్రాజెక్టు కోసం ఈఎస్‌పీ32 బోర్డును ఉబుంటు 22.04 ల్యాప్‌టాప్‌కు పెడితే, పోర్టు ఒక్క క్షణం కనిపించి మాయమైంది. కారణం వెతుకుతుంటే డివైస్ డ్రైవర్ల (పరికరాన్ని ఆపరేటింగ్ సిస్టమ్‌తో పనిచేయించే సాఫ్ట్‌వేర్) మీద ఆసక్తి పుట్టింది. ఇంట్లో మాత్రం జావా ఫుల్‌స్టాక్ నేర్చుకోమంటున్నారు. ఈ దారిలో ఉద్యోగాలు ఉంటాయా?
– ఓ విద్యార్థి, కాకినాడ

జవాబు: ముందు ఆ మాయమైన పోర్టు సంగతి చూద్దాం, ఇదే ఇబ్బంది ఇంకా చాలామందికి వస్తుంది. ఆ బోర్డుల్లో చాలావాటి మీద సీహెచ్340 అనే చవక యూఎస్‌బీ-సీరియల్ చిప్ ఉంటుంది. అంధులు వాడే బ్రెయిలీ డిస్‌ప్లేల కోసం ఉబుంటులో బీఆర్ఎల్‌టీటీవై అనే ప్రోగ్రామ్ ఉంది. దాని జాబితాలోనూ అదే గుర్తింపు సంఖ్య, 1ఏ86:7523, ఉండటంతో చిక్కొచ్చింది. కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) డ్రైవర్ పోర్టు ఇవ్వగానే ఈ ప్రోగ్రామ్ వచ్చి లాగేసుకుంటుంది. కెర్నల్ సందేశాలు చూపే డీమెసేజ్ (dmesg) కమాండ్ కొడితే ఆ తగాదా మొత్తం వరుసగా కనిపిస్తుంది. ఆ ప్యాకేజీనే తీసేయమని చాలామంది చెబుతారు. సొంత ల్యాప్‌టాప్‌లో అయితే సరే. కాలేజీ ల్యాబ్‌లో మాత్రం అలా చేయకండి, చూపులేని విద్యార్థికి అదే ఆధారం కావచ్చు. పరికరం రాగానే ఏం చేయాలో చూసే యూడెవ్ అనే ప్రోగ్రామ్ రూల్స్‌లో, ఆ ఒక్క సంఖ్య ఉన్న వరుసను కామెంట్ చేస్తే (ముందు # పెట్టి పనిచేయకుండా ఆపితే) సరిపోతుంది.

ఇక ఉద్యోగాల మాట. ఉన్నాయి. కానీ వెబ్ డెవలప్‌మెంట్ అంత విరివిగా లేవు. క్యాంపస్‌కు వచ్చే సర్వీసు కంపెనీలు డ్రైవర్ల కోసం రావు. హైదరాబాద్‌లో క్వాల్‌కామ్, ఏఎండీ, మైక్రాన్ లాంటి సంస్థల్లోనూ, బెంగళూరులో ఇంకా ఎక్కువగానూ ఈ పని జరుగుతుంది. అయితే ఫ్రెషర్‌కు నేరుగా ‘డ్రైవర్ డెవలపర్’ అని పిలుపు రావడం అరుదు. ఫర్మ్‌వేర్, బోర్డ్ సపోర్ట్, డ్రైవర్ వ్యాలిడేషన్ అనే పేర్లతో తలుపు తెరుచుకుంటుంది. ఇంట్లోవాళ్ల భయంలో అర్థముంది. ఆ భయానికి జావానే మందు అనడంతోనే నేను ఏకీభవించను.

ఈసీఈ వాళ్లకు ఇక్కడ ఒక సౌలభ్యం ఉంది. మీ బోర్డును గుచ్చినప్పుడు అసలేం జరిగిందో చూడండి. చిప్‌లోని 1.5 కిలో ఓమ్‌ల రెసిస్టర్ యూఎస్‌బీలోని డీ ప్లస్ అనే డేటా తీగ వోల్టేజీని పైకి లాగింది. హబ్ దాన్ని గమనించి, పోర్టు స్థితి మారిందని కెర్నల్‌కు చెప్పింది. గుచ్చేటప్పుడు కాంటాక్టులు అదురుతాయి కాబట్టి కెర్నల్ వెంటనే నమ్మదు, 100 మిల్లీసెకన్ల పాటు కనెక్షన్ నిలకడగా ఉందా అని చూస్తుంది. తర్వాత పోర్టును రీసెట్ చేసి, అడ్రస్ ఇచ్చి, డిస్క్రిప్టర్లు (పరికరం తన గురించి చెప్పే వివరాలు) చదువుతుంది. ఫలానా సంఖ్య గల పరికరం వచ్చిందని యూడెవ్‌కు కబురు పంపితే, అది సరిపోయే మాడ్యూల్‌ను, అంటే డ్రైవర్ ఉన్న ఫైల్‌ను, లోడ్ చేయిస్తుంది. అప్పుడు గానీ పరికరాన్ని చేతిలోకి తీసుకునే ప్రోబ్ అనే డ్రైవర్ ఫంక్షన్‌కు పిలుపు రాదు. ఇందులో సగం మీరు చదివిన సర్క్యూట్లే.

ప్రోబ్ రాయడం ఇన్‌స్టిట్యూట్లలోనూ నేర్పుతారు. అసలు పని డిస్‌కనెక్ట్ (పరికరం పోయినప్పుడు నడిచే ఫంక్షన్) దగ్గర. పోర్టు తెరిచి ఓ ప్రోగ్రామ్ డేటా కోసం ఎదురుచూస్తుండగా కేబుల్ పీకేశారనుకోండి. ఎదురుచూస్తున్న ప్రోగ్రామ్‌ను లేపి ఎర్రర్ ఇవ్వాలి, అది ఫైల్ మూసేదాకా మెమరీని విడుదల చేయకూడదు. తొందరపడి విడుదల చేస్తే కెర్నలే కూలుతుంది. అసలు విడుదలే చేయకపోతే మెమరీ లీక్. ఇంటర్వ్యూల్లో తిరిగి తిరిగి వచ్చే ప్రశ్న ఇదే: ‘రీడ్ నడుస్తుండగా పరికరం పోతే?’ సర్వర్లలో ఇదే కథ మరో రూపంలో ఉంటుంది. పీసీఐఈ కార్డును (మదర్‌బోర్డు స్లాట్‌లో గుచ్చే కార్డు) హఠాత్తుగా లాగేస్తే దాని రిజిస్టర్లు చదివినప్పుడల్లా బిట్లన్నీ ఒకట్లే వస్తాయి. ఒక బిట్ సున్నా అయ్యేదాకా లూప్‌లో ఆగే డ్రైవర్ ఇక జన్మలో బయటికి రాదు. 1998లో బిల్ గేట్స్ వేదిక మీద ఉండగా విండోస్ 98 ప్రదర్శనలో స్కానర్ గుచ్చగానే నీలి తెర వచ్చింది. పెద్ద కంపెనీకే తప్పని కష్టమిది.

మీ దగ్గరున్న బోర్డుతోనే ఒక ప్రయోగం చేయండి. పోర్టును తెరిచి ఊరికే నిద్రపోయే చిన్న పైథాన్ ప్రోగ్రామ్ రాసి నడపండి. కేబుల్ పీకి, మళ్లీ పెట్టండి. ఈసారి పోర్టు పేరు టీటీవైయూఎస్‌బీ0 బదులు టీటీవైయూఎస్‌బీ1 వస్తుంది. పాత నంబరును ఎవరు పట్టుకున్నారో, ఎప్పుడు వదులుతారో కెర్నల్ సోర్సులో యూఎస్‌బీ-సీరియల్ ఫైల్ తెరిచి వెతకండి. రిఫరెన్స్ కౌంట్ (ఒకదాన్ని ఇంకా ఎందరు వాడుతున్నారనే లెక్క) అంటే ఏమిటో పుస్తకం కన్నా ఇదే బాగా చెబుతుంది.

సొంత డ్రైవర్ రాసేటప్పుడు ల్యాప్‌టాప్ కెర్నల్‌తో ఆడకండి. క్యూఈఎంయూ వర్చువల్ మెషీన్‌లో డివైస్ యాడ్, డివైస్ డెల్ కమాండ్లతో పరికరాన్ని ఎన్నిసార్లయినా పెట్టి తీయవచ్చు. లినక్స్ ఫౌండేషన్ వారి ఎల్‌ఎఫ్‌డీ103 కోర్సు ఉచితం, ప్యాచ్ (కెర్నల్ కోడ్‌కు మార్పు) పంపే పద్ధతి అందులో నేర్చుకోండి. ఆమోదం పొందిన చిన్న ప్యాచ్ ఒక్కటున్నా మీ పేరుతో కెర్నల్ చరిత్రలో ఉంటుంది, రిక్రూటర్ ఎవరైనా వెతికి చూసుకోవచ్చు. ‘హలో వరల్డ్’ మాడ్యూల్ దగ్గరే సిలబస్ ఆగిపోయే కోచింగ్‌కు డబ్బు కట్టకండి. డిగ్రీ తర్వాత ఏదైనా చేరాలనిపిస్తే సీ-డాక్ ఎంబెడెడ్ పీజీ డిప్లొమా ఉంది, దానికి సీ-క్యాట్ ప్రవేశ పరీక్ష రాయాలి. గేట్ రాసి ఎంటెక్ చేయడం ఇంకో దారి.

ఇంట్లోవాళ్లకు ఇలా చెప్పండి: కోడింగ్ పరీక్షలకు డేటా స్ట్రక్చర్స్‌ను ‘సీ’లోనే సాధన చేస్తున్నాను, చాలా క్యాంపస్ పరీక్షలు దాన్ని అనుమతిస్తాయి, కాబట్టి ఆ తలుపు మూసుకోవడం లేదు అని. రెజ్యూమెలో ‘లినక్స్ డ్రైవర్లు తెలుసు’ అని రాయకండి. ఏ పరికరానికి రాశారో, పని మధ్యలో పీకేస్తే మీ డ్రైవర్ ఏం చేస్తుందో రెండు వాక్యాల్లో రాయండి.