గంట ఎక్కడ చీలింది

పర్లాకిమిడి

చిరంజీవి అమ్మాయికి, ఆశీస్సులు.

నీ కథ రెండుసార్లు చదివాను. తాతా మనవరాలూ కొలిమి దగ్గర తెలుగులో మొదలెట్టి, ఒడియాలోకి జారి, మళ్లీ తెలుగులోకి వచ్చేయడం బాగుంది. రాయగడ, గుణుపురం ఇళ్లలో అచ్చం అలాగే మాట్లాడతారు. కానీ నాలుగో పేజీలో ఒక వాక్యం దగ్గర కాగితాలు పక్కన పెట్టేశాను. ‘మూసలోంచి అచ్చులోకి దిగిన కంచు రెప్పపాటులో గట్టిపడి గంటయింది.’ తర్వాత తాత అచ్చు విప్పితే గంట మెడ దగ్గర చీలిక. ఊరంతా అపశకునం అంది. నువ్వూ అక్కడికే వదిలేశావు.

కంచు రెప్పపాటులో గట్టిపడదమ్మా. ఆ మాట రాసినందుకే నీ కథ చేతికందినట్టే అంది జారిపోయింది.

వట్టి రాగి 1085 డిగ్రీల దగ్గర, ఆ ఒక్క వేడి దగ్గరే గడ్డకడుతుంది. అందులో తగరం కలిపితే లెక్క మారిపోతుంది. 88 పాళ్లు రాగి, 10 పాళ్లు తగరం, 2 పాళ్లు జింకు కలిపిన గన్‌మెటల్ ఉంది కదా, అది దాదాపు 1000 డిగ్రీల దగ్గర గట్టిపడడం మొదలెడితే, 850 దాకా దిగితే గానీ పని పూర్తికాదు. ఆ మధ్యంతా సగం గట్టి, సగం నీరు. నీ గంట కంచులో తగరం ఇంకా ఎక్కువ, 20 పాళ్లు దాటుతుంది. దాని అంకెలు కిందికి దిగుతాయి గానీ మధ్య దశ మాత్రం తప్పదు.

ఆ దశలో లోపల ఏం జరుగుతుందో చెబుతాను, ఓపిగ్గా చదువు. ముందు సన్నటి స్ఫటికాలు పుడతాయి. చింతాకు రెమ్మ చూడు, నడుమ ఈనె, అటూ ఇటూ ఆకులు. అలా కొమ్మలేస్తూ పెరుగుతాయి. కొత్తలో అవి ద్రవంలో తేలుతూ ఉంటాయి కాబట్టి లోహం పల్చటి చోడంబలిలా కదులుతుంది. ఏ అయిదో వంతో, నాలుగో వంతో గట్టిపడేసరికి రెమ్మకు రెమ్మ తగులుకుంటుంది. అక్కణ్ణుంచి మొత్తం కదలదు. మిగిలిన ద్రవమే ఆ సందుల్లోంచి ఊరుతూ పోవాలి. ముందు గట్టిపడిన రెమ్మలో తగరం తక్కువ. అందుకని సందుల్లో మిగిలే ద్రవంలో తగరం అంతకంతకూ ఎక్కువవుతుంది. పైగా గట్టిపడేటప్పుడు లోహం కుంచించుకుపోతుంది. ఆ వెలితిని ద్రవం వచ్చి పూడ్చాలి. సందులు మూసుకుపోతే పూడ్చేదెవరు?

అప్పుడే, గంట బోలుగా రావడానికి అచ్చు లోపల పెట్టిన మట్టి దిమ్మ లొంగకుండా బిగుసుకుని ఉందనుకో. గంట ముడుచుకోవాలని చూస్తుంది, దిమ్మ ముడుచుకోనివ్వదు. రెమ్మల మధ్య ఉన్నది పల్చటి ద్రవపు పొర. అది ఆ లాగుడుకు ఆగలేదు, విడిపోతుంది. పూడ్చడానికి ద్రవం మిగల్లేదు. నీ గంట మెడ దగ్గర, మందం మారే చోట, జరిగింది అదే. అలాంటి చీలిక లోపల గరుగ్గా, మెలికలు తిరిగి, గాలి తగిలి నల్లబడి ఉంటుంది. చల్లారాక దెబ్బ తగిలి పగిలిన చోటు అలా ఉండదు, కొత్తగా మెరుస్తుంది.

తాత ఆ నలుపు చూసీ చూడగానే తెలుసుకుంటాడు. ఇప్పుడు నీ రెండో పేజీ తియ్యి. దిమ్మకి మట్టి పిసికింది ఎవరు? మనవరాలు. ఊక అయిపోతే ఉన్నదాంతో సరిపెట్టింది. ఊక తక్కువైన దిమ్మ లొంగదు. ఇది నువ్వే రాశావు, రాసి మరిచిపోయావు! అంటే తాతకి కారణం తెలుసు, ఊరు అపశకునం అంటుంటే నోరు విప్పలేదు. కథ అక్కడుంది.

ఇరవై రెండేళ్లప్పుడు బరంపురంలో ఒక ఫౌండ్రీలో పనిచేశాను. గన్‌మెటల్‌తో వాల్వు బాడీలు పోసేవాళ్లం. పైకి నున్నగా ఉండేవి. నీళ్లు నింపి ప్రెషర్ పెడితే ఎక్కడా బెజ్జం కనబడకుండానే ఒళ్లంతా చెమట పట్టినట్టు చుక్కలు వచ్చేవి. ఒక వారం కూలి కోసేశారు. మా మేస్త్రీ ఒకదాన్ని సుత్తితో పగలగొట్టి నా అరచేతిలో పెట్టాడు. లోపల సూదిమొనల్లాంటి ఖాళీలు, గోధుమరంగు మచ్చలు. 60 పాళ్లు రాగి, 40 పాళ్లు జింకు కలిపిన ఇత్తడి అయిదారు డిగ్రీల లోపే గట్టిపడుతుంది, దాని వెలితి రైజర్‌లో, అంటే అచ్చుకి పైన అదనపు లోహం నిలిపే చోట, ఒక్కచోట గుంటలా తేలుతుంది, కోసి పారేస్తాం. గన్‌మెటల్ వెలితి ఒళ్లంతా పరుచుకుని దాక్కుంటుంది. ఆ ముక్క ఇప్పటికీ నా బల్లమీద ఉంది.

దాని మీదే నా మొదటి కథ రాశాను. ఒక పత్రిక సంపాదకుడు పోత పోసే రెండు పేజీలూ కొట్టేసి, ‘ఇది కథా, ఐటీఐ పాఠమా?’ అని రాశాడు. ఒడియా మాటలన్నీ తీసేసి కృష్ణా జిల్లా మాటలు పెట్టాడు. పదకొండేళ్లు ఆ పత్రికకు కథ పంపలేదు. ఇవాళ పోటీలకొచ్చే కథలు చూస్తే అదే కోత. ‘ఆ క్షణంలో అతని జీవితం మారిపోయింది’ అంటారు, బహుమతి ఇస్తారు. నీ ‘రెప్పపాటు’ అక్కణ్ణుంచి వచ్చిందేనని నా అనుమానం.

అన్ని మిశ్రమాలూ ఇంతే అని మాత్రం రాయకు. రేడియో రిపేరుకు వాడే 63 పాళ్ల తగరం, 37 పాళ్ల సీసం సోల్డర్ 183 డిగ్రీల దగ్గర ఒక్కసారిగా గట్టిపడుతుంది. ఇంకోటి. 1970ల మొదట్లో అమెరికాలో ఎంఐటీ విశ్వవిద్యాలయంలో, మెర్టన్ ఫ్లెమింగ్స్ దగ్గర పరిశోధన చేస్తున్న డేవిడ్ స్పెన్సర్, సీసం కలిసిన తగరాన్ని సగం గట్టిపడుతుండగా కలియబెడుతూ పోయాడు. రెమ్మలు విరిగి గుండ్రటి గింజలయ్యాయి. కదలకూడని ముద్ద చిక్కటి నూనెలా పారింది. ఆ మధ్య దశలో చెయ్యి పెట్టిన మనిషికి ఎంత దొరుకుతుందో చూడు.

పుస్తకం వెయ్యడం సంగతి తర్వాత చూద్దాం. శ్రీకాకుళం జిల్లా బుడితిలో కంచు పోసే రోజు కనుక్కుని నీకు ఉత్తరం రాస్తాను. ముందురోజు రాత్రికే మా ఇంటికి వచ్చెయ్యి, పొద్దున్నే బస్సు. అచ్చు విప్పేదాకా అక్కడే కూర్చుందాం. ఫోన్ తియ్యకు, నోట్సు రాసుకో. కథ ఆ తర్వాత మళ్లీ పంపు.

మీ తాతగారి ఈడువాణ్ణి,
శ్రేయోభిలాషి