108 పీసుల టూల్‌కిట్ కొనాలా?

ప్రశ్న: విశాఖపట్నం ఎం.వి.పి. కాలనీలో అపార్టుమెంటులో ఉంటాను. నా 150 సీసీ బీఎస్-6 బైకుకు వారంటీ ముగిసింది. ఆయిల్ మార్పు, చైన్ సర్దుబాటు వంటివి ఇకపై నేనే చేసుకోవాలనుకుంటున్నాను. ఆన్‌లైన్‌లో 108 పీసుల టూల్‌కిట్, డిజిటల్ టార్క్ రెంచ్, బ్లూటూత్ ఓబీడీ స్కానర్ చూశాను. మూడూ కొనమంటారా?

జవాబు: మూడింటిలో టార్క్ రెంచ్ (బోల్టు ఎంత బలంగా బిగుస్తోందో కొలిచే పానా) ఒక్కటి కొనండి, అదీ డిజిటల్ కానిది. పెద్ద పెట్టెలో మీ బండికి పనికొచ్చేవి పది పన్నెండుకు మించవు; మిగిలినవి అంకె పెంచడానికి చేర్చినవే. మన రోడ్ల మీద తిరిగే 100–150 సీసీ బళ్లలో 8, 10, 12, 14, 17 మిల్లీమీటర్ల నట్లు ఎక్కువగా కనిపిస్తాయి కాబట్టి, మీ బండి మీద ఒకసారి సరిచూసుకుని ఆ కొలతల రింగు పానాలు, రెండు టి-స్పానర్లు, ఒక ఎలెన్ కీల సెట్టు (తల మీద ఆరు మూలల గుంట ఉన్న బోల్టులకు), వెనుక ఇరుసు నట్టుకు సరిపోయే పెద్ద పానా మంచి ఉక్కువి విడిగా తీసుకోండి. ఓపెన్ పానా నట్టును రెండు వైపులే పడుతుంది. రింగు పానా చుట్టూ పడుతుంది కనుక బిగుసుకుపోయిన నట్టు అంచులు అరగవు. స్క్రూల విషయంలో ఇంకొక జాగ్రత్త అవసరం. జపాన్ కంపెనీల బళ్లలో చూడటానికి ఫిలిప్స్ స్టార్ లాగే ఉన్నా నిజానికి జిస్ (JIS) అనే జపాన్ పారిశ్రామిక ప్రమాణంలో చేసిన స్క్రూలు చాలా ఉంటాయి. వాటిలో ఫిలిప్స్ డ్రైవర్ పూర్తిగా దిగక, బలం పెట్టగానే జారి స్క్రూ తలను పాడుచేస్తుంది.

కొనవలసింది టార్క్ రెంచ్. నేను మొదటిసారి ఆయిల్ మార్చినప్పుడు డ్రెయిన్ బోల్టును (ఇంజను అడుగున పాత ఆయిల్ దించడానికి విప్పేది) చేతి అంచనాతో బిగించి, ఇంకొక్క పావు చుట్టు అనుకునేసరికి అల్యూమినియం మరలు లేచిపోయాయి; కంచరపాలెంలో ఒక లేత్ షాపులో కొత్త మర వేయించడానికి అయిన ఖర్చులో అసలు పనిముట్టే వచ్చేది. ఇందులో చూడవలసింది డిజిటల్ తెర కాదు, రేంజి. ఆన్‌లైన్‌లో ముందుగా కనిపించే అరంగుళం (సాకెట్ తగిలించే కొన కొలత) రెంచ్‌లు చాలావరకు ఎక్కువ బలంతో బిగించడానికి చేసిన కారు రెంచ్‌లు. మీ ఇంజను మీది 6 మిల్లీమీటర్ల మందం బోల్టులకు 10–12, డ్రెయిన్ బోల్టుకు సుమారు 20–30 న్యూటన్ మీటర్లు (బిగింపు బలానికి కొలమానం) చాలు; కచ్చితమైన అంకె మీ మోడల్ సర్వీస్ మాన్యువల్‌లో ఉంటుంది. ఈ బోల్టులకు 5 నుంచి 50 వరకు కొలిచే, పెట్టిన అంకె చేరగానే టక్కుమనే క్లిక్ రకం సరిపోతుంది. పని అయ్యాక దాన్ని కనిష్ఠ అంకెకు తిప్పి పెట్టండి, లేకపోతే లోపలి స్ప్రింగు కొలత తప్పుతుంది.

బండిలోని కంప్యూటర్ నమోదు చేసిన లోపాల కోడ్‌లను చదివే ఓబీడీ స్కానర్‌ను వాయిదా వేయండి. చౌకగా దొరికే బ్లూటూత్ స్కానర్లకు కార్లలోని 16 పిన్నుల కనెక్టర్ ఉంటుంది. బైకుకు వేరే అడాప్టర్ కావాలి, అది పెట్టినా అన్ని కంపెనీల బళ్లతోనూ అవి మాట్లాడవు. పైగా కోడ్ చెప్పేది ఏ సర్క్యూట్‌లో తేడా వచ్చిందో మాత్రమే. ఆక్సిజన్ సెన్సార్ పేరు తెరమీద వచ్చినా, ఉప్పుగాలికి పచ్చగా చిలుము పట్టిన దాని కనెక్టరే అసలు దోషి కావచ్చు. అందుకని ముందు వోల్టులు కొలిచే మల్టీమీటరు కొనండి. ఇంజను ఆపి కొన్ని గంటలైన తర్వాత బ్యాటరీ దగ్గర 12.6 వోల్టులు, ఇంజను కాస్త వేగంగా తిరుగుతున్నప్పుడు సుమారు 13.5 నుంచి 14.5 వోల్టులు చూపితే ఛార్జింగ్ బాగున్నట్లే. స్టార్టింగ్ సమస్యల్లో సగం అనుమానాలు అక్కడే తీరుతాయి.

మీరు సముద్రానికి దగ్గరగా ఉన్నారు కనుక చైన్ బ్రష్షు, చైన్ ల్యూబ్, తుప్పు వదిలించే స్ప్రే తప్పనిసరి. లింకుల మధ్య రబ్బరు రింగులుండే ఓ-రింగ్ చైన్‌ను పెట్రోలుతో కడగవద్దు, రబ్బరు పాడవుతుంది. కిరోసిన్ గానీ చైన్ క్లీనర్ గానీ వాడండి, అదీ ఇంజను ఆపి, చక్రాన్ని చేత్తో తిప్పుతూ. చైన్ వదులు ఎంత ఉండాలో స్వింగ్ ఆర్మ్ (వెనుక చక్రాన్ని పట్టి ఉంచే చట్రం) మీది స్టిక్కరులో గానీ ఓనర్స్ మాన్యువల్‌లో గానీ ఉంటుంది, కాబట్టి ఒక చిన్న ఉక్కు స్కేలు దగ్గర పెట్టుకోండి. పానాలను కూడా నూనె గుడ్డలో చుట్టి పై ఇంట్లోనే ఉంచండి. సెల్లార్ తేమకు ఒక్క వానాకాలంలోనే అవి ఎర్రబడతాయి.

జాబితాలో ఒక వెడల్పాటి ట్రే, మూత గట్టిగా పడే డబ్బా కూడా రాసుకోండి. పాత ఆయిల్ సెల్లార్ కాలువలో పోస్తే చివరికి చేరేది సముద్రానికే. డబ్బాలో నింపి, పాత ఆయిల్ సేకరించే గ్యారేజీకి ఇచ్చేయండి.