ఏసీఎల్ సర్జరీ అయ్యి మూడు నెలలు, నొప్పి లేదు. మళ్లీ షటిల్ ఎప్పుడు ఆడొచ్చు?

మోకాలి లోపల ఎముకల్ని కట్టిపెట్టే ఏసీఎల్ అనే పట్టీకి (లిగమెంట్) సర్జరీ అయ్యి మూడు నెలలైంది, నొప్పి లేదు, మెట్లు మామూలుగానే ఎక్కి దిగుతున్నాను, అయినా ఫిజియో పరిగెత్తనివ్వడం లేదు, ఇది మరీ అతిజాగ్రత్త కాదా, మళ్లీ షటిల్ ఎప్పుడు ఆడొచ్చు అని మీరు రాసి అడిగారు. కాదండీ. ఈ మూడో నెలలోనే మోకాలు మనల్ని బాగా మోసం చేస్తుంది.

నాదీ షటిల్ దెబ్బే. బ్యాక్‌హ్యాండ్ మూలకి, అంటే రాకెట్ పట్టని చేతి వైపు మూలకి, వెనక్కి వెళ్లి, తల మీదుగా కొట్టి, ఎడమ కాలి మీద దిగాను. లోపల టప్పున శబ్దం వచ్చింది, సాయంత్రానికి మోకాలు బూరెలా పొంగింది. కుడిచేత్తో ఆడేవాళ్లకి ఎడమ ఏసీఎల్ తెగడం చాలావరకు ఇలాగే జరుగుతుందని తర్వాత తెలిసింది. తొడ వెనక కండరాల టెండన్ (కండరాన్ని ఎముకకి కలిపే తాడు లాంటిది) తీసి, తెగిన ఏసీఎల్ స్థానంలో గ్రాఫ్ట్‌గా వేశారు.

ఆ గ్రాఫ్ట్ సంగతి అర్థమైతే మీ ఫిజియో మీద కోపం తగ్గుతుంది. అది మరో చోటి నుంచి తెచ్చిన టెండన్ ముక్క. పెట్టినప్పుడు దానికి రక్త సరఫరా ఉండదు. పాత కణాలు చనిపోతాయి, కొత్త రక్తనాళాలు, కొత్త కణాలు అందులోకి చేరతాయి, తర్వాత మెల్లగా లిగమెంట్‌లాగా మారడం మొదలవుతుంది. ఈ మార్పు జరుగుతున్న రెండో, మూడో నెలల్లో దాని బలం ఆపరేషన్ రోజుకంటే తక్కువగా ఉంటుందని సర్జన్లు చెబుతారు. సరిగ్గా అప్పుడే కోతలు మాని, వాపు దిగి, నడక బాగుపడి, మనకి హుషారొస్తుంది. గ్రాఫ్ట్ బలాన్ని నొప్పితో కొలవలేం. అది ఎంత నీరసంగా ఉన్నా మనకేమీ తెలియదు.

ఇక ఎప్పుడు ఆడొచ్చు అన్నదానికి నేను నమ్మిన లెక్క ఇది. 2016లో నార్వే, అమెరికా పరిశోధకులు బ్రిటిష్ జర్నల్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్‌లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఒక్కసారిగా ఆగి, మలుపు తిరిగే ఆటలకి తిరిగి వెళ్లేవాళ్లలో, తొమ్మిదో నెల వరకు ఒక్కో నెల ఆగినకొద్దీ మళ్లీ దెబ్బ తగిలే రేటు దాదాపు సగానికి తగ్గిందని అందులో తేలింది. అలాగని తొమ్మిది నెలలు సోఫాలో కూర్చుంటే సరిపోదు. వాళ్లే తొడ బలం సంగతి కూడా చెప్పారు. ఆటకి వెళ్లేముందు రెండు తొడల బలం ఎంత దగ్గరగా ఉంటే అంత మంచిది. దెబ్బ తగిలిన కాలు రెండో కాలితో పోలిస్తే కనీసం తొంభై శాతం చేయగలగాలని ఫిజియోలు సాధారణంగా అడుగుతారు.

నన్నడిగితే అసలు కథంతా ఈ తొడ కండరమే. మోకాలి లోపల నీరు చేరితే నరాల వ్యవస్థ తొడ ముందు కండరాన్ని ఆపేస్తుంది. అది మన బద్ధకం కాదు, స్విచ్ పడకపోవడమే. సర్జరీ అయిన కొత్తలో ఫిజియో మోకాలి కింద తువ్వాలు చుట్టి పెట్టి, 'దాన్ని కిందికి నొక్కుతూ తొడ బిగించండి' అన్నారు. నేను పళ్లు బిగించాను, పిడికిళ్లు బిగించాను, ఊపిరి కూడా బిగబట్టాను. తొడ మాత్రం ఎవరిదో అన్నట్టు మెత్తగా పడుంది. ఆవిడ మోకాలిచిప్పకి కాస్త పైన, లోపలి వైపు రెండు వేళ్లు ఆనించి, 'ఇక్కడ కదలాలి, మీ మొహం కాదు' అన్నారు. ఆ వేళ్ల కింద చిన్నగా అదిరినప్పుడు నాకంటే ఆవిడే ఎక్కువ సంబరపడ్డారు. కొన్ని చోట్ల దీనికి కరెంటు మిషన్ కూడా పెడతారు. పెడితే వద్దనకండి, మొదట్లో బాగా పనికొస్తుంది.

మీ కాలు సన్నబడిందని కూడా రాశారు. టేపుతో కొలుచుకుంటే చిప్ప పై అంచు నుంచి రెండు కాళ్లకీ ఒకే దూరంలో గుర్తు పెట్టుకుని కొలవండి. కానీ చుట్టుకొలత పూర్తి నిజం చెప్పదు, కొవ్వు కూడా అందులో కలిసే ఉంటుంది. ఒంటికాలి పనే అసలు పరీక్ష. ఫిజియో సరేనన్నాక అద్దం ముందు కుర్చీలో కూర్చుని, మంచి కాలు గాల్లోకి లేపి, చేతులు ఆనించకుండా రెండో కాలి మీద మెల్లగా లేవండి. మోకాలు లోపలికి వాలుతోందా, ఒళ్లంతా పక్కకి ఒరుగుతోందా చూడండి. మెట్లు బాగా ఎక్కుతున్నాను అనుకునేవాళ్లకి ఇక్కడ జవాబు దొరుకుతుంది. మెట్ల మీద మంచి కాలు చాటుగా ఎంత సాయం చేస్తోందో మనం గమనించం.

ఇంకొకటి ఇవాళే చూసుకోండి. మంచం మీద బోర్లా పడుకుని, మోకాళ్ల పైవరకు మంచం మీద ఉంచి, కాళ్లు బయటికి వేలాడనివ్వండి. మడమలు రెండూ ఒకే ఎత్తులో ఉండాలి. ఆపరేషన్ కాలి మడమ పైకి ఉంటే మోకాలు పూర్తిగా చాపుకోవడం లేదన్నమాట. ఒక సెంటీమీటరు తేడా అంటే సుమారు ఒక డిగ్రీ. కాలు మడవడం కాస్త ఆలస్యమైనా వస్తుంది, చాపడం ఆలస్యమైతే సాధించుకోవడం కష్టం, నడకలో కుంటు మిగిలిపోతుంది. హాయిగా ఉంటుందని మోకాలి కింద దిండు పెట్టుకునే అలవాటుంటే ఇవాళే తీసేయండి. మడమ కింద పెట్టుకోండి.

వ్యాయామం ఎంత పెంచాలో నాకు వాపే చెప్పేది. పొద్దున లేవగానే చిప్ప లోపలి పక్కన అరచేత్తో కింది నుంచి పైకి నిమిరి, తర్వాత బయటి పక్కన పై నుంచి కిందికి నిమిరేవాణ్ని. లోపలి గుంటలోకి నీరు చిన్న అలలా తిరిగొస్తే ముందురోజు ఎక్కువ చేసినట్టే. ఆరోజు బరువులు తగ్గించి సైకిల్ మాత్రమే తొక్కేవాణ్ని.

డాక్టర్ సరే అన్నాక కూడా టెన్షన్ పోదు, అది ముందే తెలుసుకోండి. కోర్టులో పక్కవాళ్ల బూటు కిర్రుమన్నా గుండె జారేది. అందుకే నేరుగా మ్యాచ్‌లోకి దిగలేదు. ముందు చిన్న మెట్టు మీంచి రెండు కాళ్లతో దూకి చప్పుడు లేకుండా దిగడం, తర్వాత ఒంటికాలితో. ఆపైన షటిల్ లేకుండా ఉత్త ఫుట్‌వర్క్. తర్వాత ఎటు వేస్తారో ముందే చెప్పి వేసే షాట్లు, చివరికి చెప్పకుండా వేసేవి. బ్యాక్‌హ్యాండ్ మూల అన్నిటికంటే ఆఖర్న. డబుల్స్ తేలికని అందులో ముందు దిగుతారు కొందరు. నాకది సరైన పద్ధతి అనిపించదు, పార్ట్‌నర్ కోసం లేనిపోని షాట్లకి ఎగబడతాం.

మీకు మెనిస్కస్ (మోకాలి ఎముకల మధ్య మెత్తలా ఉండేది) కూడా కుట్టారా అన్నది రాయలేదు. కుట్టి ఉంటే గొంతుక్కూర్చోవడం, బరువుతో లోతుగా వంగడం విషయంలో మీ సర్జన్ చెప్పిందే లెక్క, నేను రాసింది పక్కన పెట్టండి.

ఇంకా సర్జరీ చేయించుకోనివాళ్లు చదువుతుంటే వాళ్లకో మాట. 2010లో స్వీడన్ పరిశోధకులు ఏసీఎల్ తెగిన 121 మంది యువకులు, యువతుల మీద చేసిన పరీక్షలో, ముందు ఫిజియో మొదలుపెట్టి, అవసరమైతేనే సర్జరీ అన్న గుంపులో సగానికి పైగా రెండేళ్ల వరకు సర్జరీ లేకుండానే ఉన్నారు. మోకాలు మాటిమాటికీ జారిపోతున్నా, లాక్ అయిపోతున్నా లెక్క వేరు. తొందరపడకుండా ఈ సంగతి డాక్టర్‌తో మాట్లాడండి.

మీ చివరి రెండు సందేహాలు. కోత పక్కన చర్మం మొద్దుబారడం మామూలే, అక్కడి సన్నని నరం కోతలో దెబ్బతింటుంది. నాకు చాలావరకు తగ్గింది, అరచేతంత కంటే తక్కువ చోట ఇంకా స్పర్శ మందంగానే ఉంది, దానివల్ల ఇబ్బందేమీ లేదు. టిక్కుటిక్కుమనే శబ్దం నొప్పి, వాపు లేకుండా వస్తుంటే భయపడక్కర్లేదు. కాలు చాపబోతే మధ్యలో ఏదో అడ్డుపడి ఆగిపోతున్నట్టుంటే మాత్రం తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా చూపించుకోండి. పిక్కలో కొత్తగా నొప్పి, వాపు వచ్చినా, జ్వరంతో మోకాలు వేడెక్కినా ఆరోజే వెళ్లండి. ఆయాసం గానీ ఛాతీలో నొప్పి గానీ వస్తే నేరుగా ఎమర్జెన్సీకే.