మ్యూజియం అద్దం వెనక నా క్యాలిపర్

మ్యూజియంలు వైకల్యాన్ని చూపించే తీరుని బట్టి జనం మమ్మల్ని చూసే తీరు మారుతుందా అని అడిగారు. మారుతుంది. చిన్నప్పుడు పోలియో వచ్చి ఎడమ కాలికి క్యాలిపర్ (కాలు నిలబడేందుకు తొడుక్కునే ఊతం) లేనిదే గుమ్మం దాటని మనిషిని, కాబట్టి నాకు జరిగిందే చెప్తాను.

కొన్నేళ్ల కిందట ఇక్కడే హైదరాబాద్‌లో ఒక చిన్న మ్యూజియంకి (పేరెందుకులెండి) వెళ్తే, పాత వైద్య పరికరాల అరలో అచ్చం నాలాంటి క్యాలిపర్ కనిపించింది. కింద అట్ట మీద 'పోలియో బాధితులు వాడిన పరికరం' అని ఒక్క ముక్క, అంతే. 'వాడిన' ఏంటండీ, నేను దాన్ని తొడుక్కునే అక్కడ నిలబడ్డాను! మన దేశంలో సహజ పోలియో వైరస్ ఆఖరి కేసు 2011 జనవరిలోది, 2014 మార్చిలో పోలియో లేదని ధ్రువీకరణ కూడా వచ్చింది, సంతోషమే, కానీ పోయింది రోగం, మేం కాదు కదా.

స్కూలు పిల్లల గుంపులోంచి ఒకడు అద్దంలోకి, నా కాలి వైపు మార్చి మార్చి చూసి "అంకుల్, మీది కూడా ఇందులో పెడతారా?" అన్నాడు. టీచరమ్మ "రేయ్, తప్పు" అని చెయ్యి పట్టి లాగేసింది. తప్పేముంది, అట్ట చెప్పనిదే వాడు అడిగాడు. ప్యాంటు పైకి మడిచి మోకాలి దగ్గరి రింగు చూపించాను: కాలు చాపితే అది కిందికి జారి లాక్ పడుతుంది, అప్పుడే నిలబడగలను, కూర్చోవాలంటే పైకి లాగాలి. వాడు తనే లాగి వదిలాడు, టక్కుమంది, మళ్లీ లాగాడు. టీచరమ్మ మొహంలో జాలి మాత్రం అలాగే ఉంది.

అమెరికాలోనూ ఇదే తంతు. పోలియో అని తేలిన జబ్బుతో కాళ్లు చచ్చుబడిన అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్‌కి 1997లో వాషింగ్టన్‌లో స్మారకం తెరిచినప్పుడు, కూర్చున్న విగ్రహంలో కుర్చీని పెద్ద అంగవస్త్రంతో దాదాపు కప్పేశారు. వికలాంగులు గొడవ చేశాకే 2001లో చక్రాల కుర్చీతో ఇంకో విగ్రహం పెట్టారు. మన 2016 వికలాంగుల హక్కుల చట్టం 29వ సెక్షన్‌లో మా చరిత్రకు మ్యూజియం పెట్టాలని రాసే ఉంది, తెలుసా?

నన్నడిగితే సాలార్‌జంగ్ గడియారం దగ్గరే హాయి. గంట కొట్టే బొమ్మ కోసం అందరూ కూర్చునే ఎదురుచూస్తారు, నా కాలి సంగతి ఎవరికీ పట్టదు. చూపు లేని మా స్నేహితుడికీ అదే ఇష్టం, గంట చెవికే కదా.

ఆ చిన్న మ్యూజియంలో వచ్చేటప్పుడు సందర్శకుల పుస్తకంలో 'వాడిన తీసేసి వాడే అని రాయండి, లాక్ ఎలా పడుతుందో కూడా రాయండి' అని రాశాను. మళ్లీ వెళ్లినప్పుడు అట్ట అదే, పుస్తకం మాత్రం కొత్తది పెట్టారు. దాంట్లోనూ అదే రాసొచ్చాను.